సుత్తి పొడవు

మా ఆయన పోయిన నెలకు ఆఫీసువాళ్లు సంతాపసభ పెట్టారు. గోడకు ఆయన ఫోటో, దాని కింద ఆయన తీసిన ఫోటోలు ఓ ఇరవై. ఎర్రరాతి పొరలు, ఎండిపోయిన ఏటి గర్భం, కొండ మీద గుండ్రంగా తిరిగిన చుక్కల గీతలు. డైరెక్టరుగారు లేచి, "ఆ ఒక్క కొలత తప్పు తీసేస్తే ఆయనంత నిఖార్సైన మనిషి మన శాఖలో లేడు" అన్నాడు. అందరూ తలలూపారు. ముందు వరసలో కూర్చున్న నేనూ తలూపాను. ఇంటికొచ్చాక ఆ తలను గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎందుకంటే ఆ ఒక్క తప్పు ఎలా జరిగిందో బతికున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసు. పదిహేడు మంది ప్రాణాలు దానికింద ఉన్నాయి. అది ఆయన పేరు మీద ఉండిపోకూడదు.

ముందు మనిషిని గురించి చెప్పాలి. ఆయన భూగర్భ శాస్త్రవేత్త. వీధిలో 'రాళ్లాయన' అనేవాళ్లు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు పూడ్చుకోవడానికే కాబోలు నన్ను చేసుకున్నాడు. మా అత్తగారు నాకు 'లౌడ్‌స్పీకర్' అని పేరు పెట్టి, పోయేదాకా అలాగే పిలిచింది. ఇంటి నిండా రాళ్లే. పుస్తకాల అరలో రాళ్లు, మంచం కింద రాళ్లు, ఉప్పు డబ్బా పక్కన ఉప్పులాగే మెరిసే ఇంకో రాయి. మా పిన్ని ఒకసారి, "మీ ఆయన నాలుగు రాళ్లు వెనకేశాడుటే?" అని అడిగితే, "నాలుగేం ఖర్మ పిన్నీ, నాలుగొందలు. కావాలంటే ఓ గోతాం పట్టుకెళ్లు" అన్నాను.

ఆయన ఫోటోల్లో మనుషులుండరు, సుత్తి ఉంటుంది. అది వాళ్ల వృత్తిలో ఆచారం. ఉత్త రాయిని ఫోటో తీస్తే, అది అరచేయంత ఉందో ఏనుగంత ఉందో చూసేవాడికి తెలియదు. పక్కన సుత్తి పెడితే తెలుస్తుంది. సుత్తి పొడవు ఎంతో తెలుసు కాబట్టి, ఫోటో మీదే స్కేలు పెట్టి రాయినీ, రాతిలో పగులునూ కొలుచుకోవచ్చు. పెళ్లైన కొత్తలో నన్నో కొండ దగ్గరికి తీసుకెళ్లి, కుడికి జరుగు, ఎడమకి జరుగు అంటూ ఎంతో ముచ్చటగా ఫోటో తీశాడు. నేను సిగ్గుపడి చచ్చాను. నెల తర్వాత ఆ ఫోటో వెనక చూద్దును కదా, 'రాతి పొర మందం. కొలతకు: మనిషి, ఐదడుగుల ఒక అంగుళం' అని రాసి ఉంది. ఆ రోజు సుత్తి ఇంట్లో మర్చిపోయాడట!

ఆ సుత్తి ఆయనకు చదువు చెప్పిన మేస్టారు ఇచ్చింది. చెక్కపిడి. పట్టుకునే చోట చెమటకు నల్లబడి నున్నగా ఉండేది. పిడి చివర మేస్టారి పేరులోని రెండక్షరాలు కాల్చిన ముద్ర. తల నుంచి పిడి చివరిదాకా ముప్పై మూడు సెంటీమీటర్లు. ఆ లెక్క ఆయనకు తన పుట్టినరోజు కంటే బాగా గుర్తు.

పగలు రాళ్లు, రాత్రి చుక్కలు. కెమెరాను మూడుకాళ్ల స్టాండు మీద పెట్టి, గంటల తరబడి కన్ను తెరిచి ఉంచితే, చుక్కలన్నీ వంపు గీతలుగా పడతాయి. "చుక్కలు ఎటుపోతాయండీ, రాళ్లనూ నన్నూ కాస్త చూడండి" అని విసుక్కునేదాన్ని. ఒకసారి ఆయన, "రాయి కదలదనుకుంటాం, చుక్క కదులుతుందనుకుంటాం. రెండూ తప్పేనోయ్" అన్నాడు. నాతో ఆయన మాట్లాడిన పెద్ద పెద్ద మాటల్లో అదొకటి.

ఊరికి ఉత్తరాన ఒక కొండ. దాని వెనక రాతి క్వారీ. ఇవతలి వైపు, సరిగ్గా కొండ పాదాన, రెండు వరసల్లో నలభై ఇళ్లు. 'కొండకింద లైన్లు' అనేవాళ్లు. ఆ ఇళ్లకు పైన, మూడంతస్తుల ఎత్తు రాయి ఒకటి కొండ నుంచి విడివడి నిలబడి ఉండేది. దానికీ కొండకీ మధ్య ఒక పగులు. ఆ పగులు పెరుగుతోందా లేదా అన్నదే మా ఆయన పని. ఏడేళ్లపాటు, రెండు నెలలకొకసారి, అదే వేళకు అక్కడికెళ్లి, అదే చోట సుత్తి పెట్టి ఫోటో తీశాడు. ఆఫీసులో అందరూ అచ్చేసిన కొలతబద్దలు వాడుతున్నా ఈయన సుత్తి మార్చలేదు. మారిస్తే పాత ఫోటోలకూ కొత్తవాటికీ పొంతన కుదరదట.

అవి ఆఫీసు ఫోటోలు. తన సరదా కోసం ఇంకోటి. కొండకెదురుగా దూరంగా ఒక బండ మీద స్టాండు కాళ్ల కోసం మూడు గుంటలు చెక్కుకున్నాడు. ఏటా అదే తేదీన, అదే గంటల్లో, అక్కణ్నుంచి ఆ రాయినీ దాని పైని ఆకాశాన్నీ తీసేవాడు. అలా తీసినవాటిలో ఒకదానికి ఫ్రేము కట్టించి నాకిచ్చాడు. ధ్రువనక్షత్రం గీసిన చిన్న వంపు గీత సరిగ్గా ఆ రాయి నెత్తికి ఆనుకుని ఉంటుంది. వెనక ఇచ్చిన రోజు తేదీ రాశాడు. మార్చి తొమ్మిది. నాకిచ్చిన వెంటనే బండెక్కి నాలుగు రోజుల మీటింగుకు వేరే ఊరెళ్లాడు. మీటింగుకు సుత్తెందుకని ఇంట్లోనే వదిలేశాడు.

ఆయన వచ్చేసరికి ఫోటో గోడకుండాలని నా ఆరాటం. మా గోడ మొండిది. కొట్టిన మేకు వంగిపోయింది. అది పీకుదామని సుత్తి మొనను మేకు కింద దూర్చి, పిడి పట్టుకుని బలంగా వంచాను. ఫెళ్లుమంది. చూస్తే తల దగ్గర పిడి నిలువునా చీలి ఉంది. మేస్టారి సుత్తి! ఆయన నన్నేమీ అనడు. ఆ అనకపోవడమే నేను భరించలేను.

వీధి చివర షెడ్డులో ఒక వడ్రంగి ఉండేవాడు. కొండకింద లైన్లలోనే ఇల్లు. పరిగెత్తాను.

"పిడి మొత్తం కొత్తది వేసేద్దామా అమ్మా?" అన్నాడు.

"వద్దు బాబూ! పాతదే ఉండాలి. విరిగిందని సారుకి తెలియకూడదు."

అతను చీలినంత మేరా కోసేసి, మిగిలిన పిడిని చెక్కి, మళ్లీ తల తొడిగి, పైన చిన్న చెక్కముక్క దిగ్గొట్టాడు. నల్లబడిన చోటు, ముద్ర, అంతా అలాగే ఉంది. "కాస్త పొట్టిదైందమ్మా, ఓ మూడు సెంటీమీటర్లు" అన్నాడు.

"అయితే ఏం? పొట్టిదైతే రాళ్లు పగలనంటాయా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కొలతకు సుత్తి పెడతారని నాకు తెలియదా? తెలుసు. కొలతకు నన్నే నిలబెట్టిన మనిషితో కాపురం చేశాను. కానీ ఆ క్షణాన నా బుర్రలో ఉన్నది ఒక్కటే, దొరికిపోకూడదని. ఆయన తిరిగొచ్చి, గోడ మీద ఫోటో చూసి మురిసిపోయి, సుత్తి సంచిలో వేసుకున్నాడు. ఇసుక రేణువు చూసి అది ఏ కొండదో చెప్పే మనిషి. ఇంట్లో కర్టెన్లు మార్చి ఆరు నెలలైనా ఎరగడు.

మార్చి మొదట్లో తీసిన ఫోటోలో పగులు పద్నాలుగు పాయింటు ఆరు. మే నెల ఫోటోలో పదహారున్నర. ఆయన అన్నం ముందు నుంచి లేచి ఆఫీసుకు పరిగెత్తాడు. రెండు నెలల్లో రెండు సెంటీమీటర్లు, ముందేమో వానలు. మాట్లాడడం రాని మనిషి వారం రోజులు ఆఫీసులన్నీ తిరిగి మాట్లాడి, లైన్లు ఖాళీ చేయించాడు.

నలభై కుటుంబాల్ని గోదాముల్లో పెట్టారు. అందరికీ కలిపి రెండు కుళాయిలు. రేకుల కింద ఉక్క. జ్వరాలు. రెండున్నర నెలలు గడిచాయి. వానలు వచ్చాయి, తగ్గాయి. కొండ మాత్రం ఉన్నచోటే ఉంది. "కొండంత రాగం తీసి గోరంత కూడా రాలలేదు" అని జనం బాహాటంగానే తిట్టడం మొదలుపెట్టారు. మా గేటు మీద ఎవరో పేడ కొట్టారు. కడుగుతూ నేనూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవర్ని తిడుతున్నానో నాకే తెలియలేదు.

ఆగస్టులో పైనుంచి ముగ్గురితో కమిటీ వచ్చింది. స్టీలు టేపుతో పగులు కొలిచారు. పదిహేను పాయింటు నాలుగు. మే నెలలో పదహారున్నర ఉన్న పగులు ఆగస్టుకి తగ్గుతుందా? మా ఇంటికొచ్చి, సుత్తి తెప్పించి, భోజనాల బల్ల మీద పెట్టి కొలిచారు.

ముప్పై.

మా ఆయన తానే మళ్లీ కొలిచాడు. మూడోసారి కొలిచాడు. ఆయన చెవులు ఎర్రబడడం నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. నా చేతుల్లో కాఫీ ట్రే ఉంది.

కమిటీ పెద్దాయన తెల్లజుట్టువాడు, మర్యాదస్తుడు. "ఈ పిడి ఎప్పుడైనా విరిగిందా? బాగుచేయించారా? ఏ రోజు, ఎంత తగ్గిందో తెలిస్తే చాలు. ఆ రోజుకి ముందు ఫోటోలు సరైనవే, తర్వాతవి సరిచేసుకోవచ్చు. తెలియకపోతే మాత్రం ఏ ఫోటోలో సుత్తి పొడవెంతో నమ్మడానికి లేదు. ఏడేళ్ల ఫోటోలూ పక్కన పెట్టాల్సిందే" అన్నాడు.

"విరగలేదు సార్. అదే పిడి" అన్నాడు ఆయన. నా వైపు తిరిగి, "ఏమోయ్, ఇంట్లో ఎవరైనా దీన్ని వాడారా?" అని అడిగాడు.

పెళ్లిళ్లలో మైకు అక్కర్లేని నోరు నాది. ఆ పూట నా పని దొంగకు తేలు కుట్టినట్టయింది. నలభై కుటుంబాల ఉసురు ఆ సుత్తి చుట్టూ తిరుగుతోంది. నేనే అంటే అదంతా నా నెత్తిన పడుతుంది. మేకు కోసం, ఒక ఫోటో మేకు కోసం! ఎలా చెప్పను?

"ఆ సుత్తి జోలికి ఎవరు వెళ్తారండీ" అన్నాను. కాఫీలు ఇచ్చాను. పెద్దాయన పంచదార తక్కువైందన్నాడు. తెచ్చి వేశాను.

పాత ఫోటోలు చెల్లవు, టేపు కొలతే మొదటి కొలత, ఏడాది తర్వాత మళ్లీ కొలవాలి, అంతవరకు జనం ఇళ్లకు వెళ్లొచ్చు. కమిటీ రాసింది ఇంతే. లైన్లవాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకుని మా వీధిలోంచే వెళ్లారు. "సుత్తి సార్! కొండకి చెప్పండి, మేం వస్తున్నామని" అని ఎవడో అరిస్తే అందరూ గొల్లుమన్నారు. ఆయన్ని పాత కాగితాల గదిలోకి మార్చారు. ఆయన రాత్రుళ్లు సుత్తిని ఒళ్లో పెట్టుకుని, "మొదట్నుంచీ తప్పే కొలిచానా?" అని తనలో తాను అనుకునేవాడు. నేను అటు తిరిగి పడుకునేదాన్ని.

వడ్రంగి ఒకరోజు పెరటి వైపు నుంచి వచ్చాడు. "అమ్మా, ఆ పిడి కోసింది నేనే కదా. సారుని అందరూ అలా అంటుంటే మనసొప్పట్లేదు. ఆఫీసుకెళ్లి చెప్పమంటారా?" అన్నాడు.

"చెప్పి ఏం చేస్తావ్? మళ్లీ గోదాంలో పడుంటావా పిల్లలతో? నోరు మూసుకుని నీ పని చూసుకో" అన్నాను.

"మీ ఇష్టం అమ్మా" అని వెళ్లిపోయాడు. అతని భార్యకు గోదాంలో పట్టిన జ్వరం అప్పటికింకా తగ్గలేదు. మళ్లీ అక్కడికి పోవడం అతనికీ ఇష్టం లేదని నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను.

మార్చి వచ్చింది. ఏటా వెళ్లే తేదీకి ఆయన బండ మీదికెళ్లి, ఆ మూడు గుంటల్లో స్టాండు కాళ్లు దించి చుక్కలు తీసుకొచ్చాడు. మర్నాడు గోడ మీది ఫ్రేము దించి, కొత్త ఫోటోను దాని పక్కన పెట్టాడు. పాతదాంట్లో ధ్రువనక్షత్రం గీత రాయి నెత్తికి ఆనుకుని ఉంది. కొత్తదాంట్లో మధ్యన బియ్యపు గింజ పట్టేంత ఖాళీ.

"చుక్క ఎక్కడా జరగదు" అన్నాడు నాతో. "రాయి జరిగింది."

దీనికి సుత్తి అక్కర్లేదు, పిడి అక్కర్లేదు. రెండు ఫోటోలూ చంకన పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. డైరెక్టరు గదిలో నలుగురి ముందు పరిచాడట. ఒకడు, "నక్షత్రాలు చూసి కొండకి జాతకం చెప్తున్నారా సార్? నా కూతురి జాతకం కూడా కాస్త చూడండి" అన్నాడట. డైరెక్టరు కూడా నవ్వాడట. "ఆగస్టులో ఎలాగూ టేపు పెడతారు కదండీ, ఓపిక పట్టండి" అని పంపేశాడు. ఇదంతా ఆయన చెప్పలేదు. ఆ గదిలో టీలిచ్చే మనిషి నాతో చెప్పాడు.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. సుత్తి సంగతి తేలితే పాత ఫోటోలకు విలువ వచ్చేది. వాటి పక్కన పెడితే చుక్కల ఫోటోకూ విలువ వచ్చేది. నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. నాలుగుసార్లూ రేపు చెబుదాం అనుకున్నాను. ఖాళీ మేకు మాత్రం గోడకు అలాగే ఉండేది. అటు వెళ్లినప్పుడల్లా కళ్లు దించుకునేదాన్ని.

జూలైలో, ఒక మంగళవారం, పొద్దున్న పదిన్నరకు వాన తెరిపిచ్చింది. నేను బట్టలు ఆరేస్తున్నాను. బరువైన తలుపు మూసినట్టు చప్పుడైంది. కాళ్ల కింద నేల అదిరింది. ఉత్తరాన దుమ్ము లేచింది.

మొదటి వరస మొత్తం పోయింది. పదిహేడు మంది. మగవాళ్లు చాలామంది పనుల్లో ఉన్నారు. పోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు. వడ్రంగి ఆ పూట భార్యకు మందు పట్టడానికి ఇంటికి వెళ్లాడు. ఇద్దర్నీ మూడో రోజు తీశారు. పిల్లలు బళ్లో ఉండి బతికారు.

మా ఆయన నాలుగు రోజులు అక్కడే మట్టి తవ్వాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు, ఎవరూ పలకరించలేదు. ఐదో రోజు ఇంటికొచ్చి, పుస్తకాల అర ముందు నేల మీద కూలబడ్డాడు. గోళ్లు చితికిపోయి ఉన్నాయి. నేను ఎదురుగా కూర్చుని చెప్పేశాను. మేకు, చీలిక, వడ్రంగి, మూడు సెంటీమీటర్లు, కమిటీ, పెరట్లో మాట, అన్నీ. ఏడుస్తూ చెప్పలేదు. ఏడిస్తే జాలిపడతాడేమోనని బిగబట్టుకున్నాను.

అంతా విని, "ఏ రోజు?" అన్నాడు.

"ఫోటో తగిలించిన రోజు. మార్చి తొమ్మిది."

లేచి గళ్ల కాగితం, పెన్సిలు తెచ్చుకున్నాడు. పాత ఫోటోల కొలతలన్నీ వరసగా దించాడు. మే నెల కొలత దగ్గర ఆగి, సుత్తి ముప్పై మూడనుకుని కట్టిన లెక్కను ముప్పైకి సరిచేశాడు. పదహారున్నర కాదు, పదిహేను. దాని పక్కన కమిటీవాళ్ల పదిహేను పాయింటు నాలుగు. చుక్కలు కలుపుతూ గీత గీశాడు. ఏడేళ్లలో ఆ పగులు పెరిగింది ఒకటిన్నర సెంటీమీటరు. చివరి ఐదు నెలల్లోనే ముప్పావు సెంటీమీటరుకు పైగా పెరిగింది. గీత మెల్లగా వచ్చి వచ్చి, అక్కడ ఒక్కసారిగా పైకి లేచింది. చదువురాని వాళ్లకైనా అర్థమవుతుంది. లైన్లు ఖాళీ చేయించడం సరైన పనే. కమిటీవాళ్లు మా బల్ల దగ్గర కాఫీ తాగుతున్నప్పుడు ఈ గీత వాళ్ల ముందుంటే, ఆ జనాన్ని వెనక్కి పంపేవాళ్లు కాదు.

ఆ కాగితం నాకు చూపించాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అని ఉండేదాన్ని.

పొద్దున్న ఆఫీసుకు ఉత్తరం రాశాడు. 'సుత్తి పొడవు తగ్గిన సంగతి నేను గమనించలేదు. వాడేముందు ప్రతిసారీ కొలుచుకోవాల్సింది. తప్పు నాది' అని. గీత గీసిన కాగితం జతచేశాడు. చదివి నాకు ఒళ్లు మండింది.

"నా సంగతి ఎందుకు రాయలేదు?" అని అరిచాను. "నన్ను కాపాడమని ఎవరడిగారు మిమ్మల్ని?"

"కాపాడలేదోయ్" అన్నాడు. "సుత్తి కొలుచుకోవాల్సింది నేను. నాది నేను రాశాను. అడిగినప్పుడు చెప్పాల్సింది నువ్వు. నీది నేనెలా రాస్తాను?"

ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చుక్కల వైపు కెమెరా పెట్టలేదు. సాయంత్రం నేను కాగితం, కలం దగ్గర కూర్చున్నానంటే తల తిప్పి చూసేవాడు. సామాన్ల చీటీ అని తెలిశాక మళ్లీ పేపర్లో తల పెట్టేవాడు. నేను రాయలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

డైరెక్టరుగారూ, ఇదుగో నాది. మార్చి తొమ్మిదో తేదీన ఆ సుత్తి పిడి మూడు సెంటీమీటర్లు కోయించింది నేను. ఆగస్టులో కమిటీవాళ్లు అడిగితే అబద్ధం చెప్పింది నేను. చెబుతానని వచ్చిన వడ్రంగి నోరు మూయించి, అతన్ని ఆ ఇంట్లోనే ఉంచింది నేను. సుత్తి కూడా దీనితో పంపుతున్నాను, కొలుచుకోండి. మీ గోడ మీద ఆయన ఫోటో ఉంది కదా, ఈ కాగితం దాని కింద అతికించండి.